రష్యా రైళ్లలో చవక టికెట్: ఏజెంటు, యాప్, కౌంటర్ మూడూ వాడి చూశాక

మొదట లెక్క, తర్వాత కథ. 2023 ఫిబ్రవరి ప్రయాణానికి పెర్మ్ నుంచి ఇర్కుత్స్క్‌కి నేను కొన్న రైలు టికెట్ 6,300 రూబుళ్లు. అదే వారంలో, అవే రెండు ఊళ్ల మధ్య, ఇంకో బండిలో కుపే, అంటే నలుగురుండే తలుపున్న గదిలో, బెర్త్ 17,000 దాటి కనిపించింది. నేను కొన్న టికెట్‌నే ఒక ఇంగ్లిష్ ఏజెంటు సైటు డాలర్లలో చూపిస్తే, రూబుళ్లలోకి మార్చి చూసుకున్నాం: 9,000కి కొంచెం తక్కువ. దూరం ఒకటే, సుమారు 3,750 కిలోమీటర్లు. పట్టాలు ఒకటే. కిటికీలోంచి కనిపించే బర్చ్ చెట్లు కూడా అవే.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కావడానికి నాకు మూడేళ్లు, ఒక తప్పు టికెట్, ఒక నిద్రలేని రాత్రి పట్టాయి. నిద్ర లేనిది నాకు కాదు, మా జూనియర్‌కి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నేను పెర్మ్‌లో మెడిసిన్ చదువుతున్నాను. ఊరు ఉరల్ కొండలకి పడమటి వైపు, ట్రాన్స్‌సైబీరియన్ లైను మీదే ఉంది. దూరప్రయాణాల బండ్లు ఆగే స్టేషన్ పేరు పెర్మ్-2. మాస్కో నుంచి వ్లాదివస్తోక్ దాకా ఉన్న 9,288 కిలోమీటర్లలో మేం మొదటి 1,400 దగ్గరే ఉన్నామన్నమాట. హాస్టల్‌లో ప్రతి చలికాలం సెలవులకీ ఒకటే చర్చ: ఇర్కుత్స్క్ దగ్గరున్న బైకాల్ సరస్సు గడ్డకట్టాక చూడాలి. ఆ చర్చ ప్రతిసారీ టికెట్ ధర దగ్గర ఆగిపోయేది. ఆ ఏడాది ఆగలేదు. నేను, మా రూమ్మేట్, రెండేళ్ల జూనియర్ ఒకడు, ముగ్గురం బయల్దేరాం.

ముందు ఏజెంటు సంగతి. 2022 మార్చి నుంచి బయటి దేశాల్లో ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్‌లు రష్యాలో పనిచేయవు. ఇక్కడి బ్యాంకు ఇచ్చే మీర్ కార్డు ఉంటే బాధ లేదు. మా రూమ్మేట్‌కి అప్పటికి మీర్ కార్డు రాలేదు. డిసెంబర్‌లో ఆమె మాస్కో వెళ్లాల్సి వచ్చి, వెతికితే మొదట కనిపించిన ఇంగ్లిష్ సైటులో, ఇంటి నుంచి తెచ్చుకున్న కార్డుతోనే కొనేసింది. పేజీ అందంగా ఉంది. మంచులో రైలు బొమ్మ, కింద చాట్ డబ్బా, అంతా ఇంగ్లిష్‌లో. డబ్బు కట్టిన వెంటనే టికెట్ రాలేదు. ఇంకో రోజుకి వచ్చింది. తెరిచి చూస్తే పేరు తారుమారు. ఆమె ఇంటిపేరు వేయాల్సిన చోట సొంత పేరులో మొదటి ముక్క, రెండో ముక్క తండ్రిపేరు గడిలో, ఇంటిపేరు అసలు లేనే లేదు. రష్యాలో బండి ఎక్కేటప్పుడు పాస్‌పోర్ట్‌లో పేరునీ, నంబర్‌నీ కండక్టర్ చేతిలో ఉన్న యంత్రంతో సరిచూస్తారు. ఇలా ఉంటే ఎక్కనివ్వరేమోనని ఆమెకి టెన్షన్. చాట్ డబ్బాలో రాస్తే, రద్దు చేసి మళ్లీ కొనుక్కోమన్నారు. రద్దు చేస్తే సైటు వాళ్ల సర్వీస్ చార్జి తిరిగి రాదట. అది టికెట్ ధరలో పావు వంతుకి పైనే. "ఇంతకీ వాళ్లు చేసిన పనేంటే?" అని ఆమె నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు. వాళ్లు చేసిందల్లా రైల్వే వెబ్‌సైట్‌లోంచి ఒక బెర్త్ తీసుకుని, దాని మీద లాభం వేసి, పేరు తప్పు రాయడమే.

నాకు ఏజెంట్ల మీద పగేమీ లేదు. దేశం బయట ఉండి, మీర్ కార్డు లేకుండా, ముందే టికెట్ చేతిలో ఉండాలనుకునేవాళ్లకి వేరే దారి తక్కువ. అలాంటప్పుడు నేను చెప్పేది ఒక్కటే: బండి నంబర్, తరగతి, తేదీ రాసుకుని, రష్యన్ రైల్వే సొంత వెబ్‌సైట్‌లో అదే బెర్త్ ధర చూసుకోండి. ధర చూడటానికి కార్డు అక్కర్లేదు. తేడా ఎంతో తెలిశాక కట్టాలో వద్దో మీ ఇష్టం. రష్యాలో తెలిసినవాళ్లెవరైనా ఉంటే మాత్రం వాళ్ల కార్డుతో కొనిపించుకోవడమే మేలు. టికెట్ ఎవరి కార్డుతో కొన్నారన్నది ఎవరూ అడగరు, ఎవరి పేరు మీద ఉందన్నదే చూస్తారు.

ఇప్పుడు యాప్. రష్యన్ రైల్వేకి తన సొంత యాప్ ఉంది, ప్రయాణికుల కోసం అని పేరులోనే రాసి ఉంటుంది. అంతా ఒకేచోట దొరుకుతుంది. నా ఓటు దీనికే. అయితే మన పేర్లకి, అందులోని ఫారానికి మధ్య కాస్త పంచాయితీ తప్పదు. ఫారంలో మూడు గడులుంటాయి: ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు నుంచి వచ్చే ఓట్చెస్త్వా. రష్యన్లందరికీ ఆ మూడోది ఉంటుంది, మనకి ఉండదు. మన పాస్‌పోర్ట్‌లో 'గివెన్ నేమ్' కింద రెండు మూడు ముక్కలుంటే ఒకదాన్ని ఈ మూడో గడిలో వేయాలనిపిస్తుంది. వేయొద్దు. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే, ఇంగ్లిష్ అక్షరాల్లో, ముక్కలన్నీ పేరు గడిలోనే రాసి, ఓట్చెస్త్వా లేదు అన్న చోట టిక్ పెట్టాలి. పత్రం రకం అన్నచోట విదేశీ పత్రం అన్నది ఎంచుకోవాలి. మొదట్లో అక్కడ రష్యన్ పాస్‌పోర్ట్ అని ఉంటుంది, మార్చకపోతే మన నంబర్‌ని తీసుకోదు. ఒకసారి సరిగ్గా పెట్టి దాచుకుంటే తర్వాత ప్రతిసారీ పేరు మీద నొక్కితే చాలు.

కింద స్వచ్ఛంద బీమా లాంటివి ఉంటాయి, కావాలంటే ఉంచుకోవచ్చు, వద్దంటే టిక్ తీసేయొచ్చు. డబ్బు కట్టాక వచ్చేది ఎలక్ట్రానిక్ రిజిస్ట్రేషన్ ఉన్న టికెట్ అయితే కాగితం అక్కర్లేదు, పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. నేను ఫోన్‌లో ఫొటో ఒకటి తీసి పెట్టుకుంటాను, మైనస్ ఇరవైలో ఫోన్ బ్యాటరీ చచ్చిపోతుందని తెలిసీ.

ఇక అసలు విషయం, ధర. అది బండిని బట్టి, తరగతిని బట్టి, తేదీని బట్టి మారుతుంది. ఇదే క్రమంలో చెప్తాను.

రష్యాలో కొన్ని బండ్లకి పేర్లుంటాయి. వాటిని ఫిర్మెన్నీ అంటారు. మాస్కో నుంచి వ్లాదివస్తోక్ వెళ్లే రెండో నంబర్ బండి పేరు రస్సీయ. మా పెర్మ్ నుంచి మాస్కో వెళ్లేదానికి మా నది పేరే, కామా. ఇవి శుభ్రంగా, టైముకి, తక్కువ చోట్ల ఆగుతూ వెళ్తాయి, ధర కూడా దానికి తగ్గట్టే. వాటి పక్కనే పేరు లేని బండ్లు అదే పట్టాల మీద వెళ్తుంటాయి. ఇంకొన్ని గంటలు ఎక్కువ పడుతుంది, చిన్న స్టేషన్లలోనూ ఆగుతాయి. రెండు రాత్రులు పైగా సాగే ప్రయాణంలో ఆరేడు గంటలు ఎక్కువైతే నాకు నష్టమేం లేదు, ఎక్కడ పడుకున్నా పడకే కదా. బండి నంబర్ చూసినా కొంత తెలుస్తుంది: 150 లోపు నంబర్లు ఏడాది పొడవునా నడిచే వేగం బండ్లు, 300లలో, 400లలో ఉన్నవి నెమ్మదివి. యాప్‌లో వెతికితే అన్నీ కలిపి చూపిస్తుంది. పైన కనిపించిన దాని మీద నొక్కకుండా కిందిదాకా వెళ్లి చూడండి.

తరగతులు మూడు ముఖ్యం. ఎస్‌వీలో గదికి ఇద్దరు. అది నా జీవితంలో ఇప్పటివరకు లేదు కాబట్టి వదిలేస్తున్నాను. కుపేలో గదికి నలుగురు, తలుపు ఉంటుంది. ప్లాట్స్‌కార్ట్‌లో తలుపుల్లేవు, పెట్టె మొత్తం ఒకే హాలు, 54 బెర్తులు. ఎవరు గురక పెడుతున్నారో, ఎవరింట్లో గొడవ జరిగిందో, ఎవరి మనవడికి జలుబు చేసిందో 54 మందికీ తెలుస్తుంది. ఆడపిల్లలకి భయం కదా అని చాలామంది అడుగుతారు. నా మటుకు నాకు, తలుపేసిన గదిలో ముగ్గురు తెలియని మగవాళ్లతో కంటే అందరూ కనిపించే హాలే నయం. కుపేయే కావాలంటే ఆడవాళ్లకి మాత్రమే ఉండే గదులు కొన్ని బండ్లలో ఉంటాయి, కొనేటప్పుడే ఎంచుకోవచ్చు.

ప్లాట్స్‌కార్ట్‌కీ కుపేకీ ధర కట్టే పద్ధతే వేరు. చాలామందికి తెలియనిది ఇదే. కుపే, ఎస్‌వీ ధరలు విమానం టికెట్లలాగా కదులుతాయి. బెర్తులు నిండేకొద్దీ పెరుగుతాయి, పై బెర్త్ కింది బెర్త్ కంటే చవక. ప్లాట్స్‌కార్ట్ ధర మీద, నేను ఈ ప్రయాణం చేసిన నాటికి, ప్రభుత్వ నియంత్రణ ఉంది. అది కాలాన్ని బట్టి, బండిని బట్టి మారేదే కానీ, ఎల్లుండి బండికి ఇవాళ కొన్నానని రెట్టింపయ్యేది కాదు. అంటే కుపే కావాలంటే అమ్మకాలు తెరిచిన రోజే కొనాలి. చాలా బండ్లకి అది ప్రయాణానికి 90 రోజుల ముందు. ప్లాట్స్‌కార్ట్‌కి ఆ తొందర ధర కోసం కాదు, బెర్త్ నంబర్ కోసం.

ఆ నంబర్ దగ్గరే మా జూనియర్ దెబ్బ తిన్నాడు.

ప్లాట్స్‌కార్ట్ పెట్టెలో 1 నుంచి 36 దాకా నాలుగేసి బెర్తుల తొమ్మిది అరలు. బేసి నంబర్ కిందది, సరి నంబర్ పైది. 37 నుంచి 54 దాకా నడవకి అటు పక్కన ఉండే సైడ్ బెర్తులు. వాటి వరస మాత్రం వెనక నుంచి ముందుకి వస్తుంది. అందుకే 37, 38 పెట్టె చివర తొమ్మిదో అర ఎదురుగా, సరిగ్గా టాయిలెట్ పక్కన పడతాయి. 53, 54 కండక్టర్ గది వైపు. 35, 36లకి ఆవలి గోడ టాయిలెట్‌దే. మూడో అర, ఆరో అర, అంటే 9 నుంచి 12, 21 నుంచి 24, వీటి కిటికీలు అత్యవసర ద్వారాలు కాబట్టి మామూలుగా తెరుచుకోవు. చలికాలంలో ఎలాగూ ఎవరూ తెరవరు, జూలైలో ఏసీ లేని పెట్టె దొరికితే తెలుస్తుంది. సైడ్ బెర్తులు పొట్టి కూడా. ఆరడుగుల మనిషి అయితే కాళ్లు ముడుచుకోవాల్సిందే.

మేం టికెట్లు కొన్నది ప్రయాణానికి నెల ముందు. అప్పటికే కింది బెర్తులన్నీ అయిపోయాయి. రూమ్మేట్‌కీ నాకూ 18, 20 దొరికాయి. ఐదో అర, పెట్టెకి నడిమధ్య, ఎదురెదురుగా పై బెర్తులు. ప్లాట్స్‌కార్ట్‌లో పైన పడుకోవాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి చోటు లేదు. జూనియర్ మాత్రం రెండు రోజులు ఆలోచించి కొన్నాడు, 38 దొరికింది. ధర దాదాపు మాదే. పైగా ఇంకో 200 చిల్లర రూబుళ్లు మిగుల్చుకుందామని పక్కబట్టలు వద్దని టిక్ తీసేశాడు. ప్లాట్స్‌కార్ట్‌లో ఆ వెసులుబాటు ఉంది. "దుప్పటి నాదే తెచ్చుకుంటా అక్కా" అన్నాడు, నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూస్తూ.

బండెక్కాక వాడు పైనున్న పరుపు చుట్ట దింపుతుంటే ప్రవద్నిత్స, అంటే ఆ పెట్టె చూసుకునే కండక్టరమ్మ, వచ్చి చేయి అడ్డం పెట్టింది. పక్కబట్టలు కొననివాళ్లు పరుపు వాడకూడదన్నది రూలు. వాడు ఆ రాత్రి రెగ్జిన్ పలక మీద, కోటు కింద వేసుకుని పడుకున్నాడు. నడవలో ఎవరు వెళ్లినా భుజం వాడి కాళ్లకి తగిలేది. టాయిలెట్ తలుపు గొళ్లెం ఠక్కుమని పడినప్పుడల్లా లేచేవాడు. ఎన్నిసార్లని పొద్దున్నే అడిగితే, యెకతెరీన్‌బుర్గ్ దాకా లెక్కపెట్టి వదిలేశానన్నాడు. టీ తాగి, తిన్నగా వెళ్లి ప్రవద్నిత్స దగ్గర పక్కబట్టలు కొనుక్కొచ్చాడు. ఆవిడ నవ్వుతూ మూట చేతికిచ్చింది, తువ్వాలుతో సహా.

కాబట్టి చవక టికెట్ అని ధర ఒక్కటే చూసి కొంటే ఇదీ పరిస్థితి. అదే డబ్బుకి 20 కూడా వస్తుంది, 38 కూడా వస్తుంది. పెట్టె బొమ్మ తెరిచి, నంబర్ చూసి నొక్కడం రెండు నిమిషాల పని. దాంతోపాటు ఆ పెట్టెకి బయో టాయిలెట్ గుర్తు ఉందో లేదో చూడండి. లేని పాత పెట్టెల్లో పెద్ద ఊళ్లకి ముందు, తర్వాత కాసేపు టాయిలెట్‌కి తాళం వేస్తారు. పెద్ద స్టేషన్‌లో అరగంట ఆగే బండిలో అది చిన్న విషయం కాదు.

పై బెర్త్ గురించి ఒక మాట. చలికాలంలో పెట్టెని కాచి ఉంచుతారు, బయట మైనస్ ముప్పై ఉన్నా లోపల టీషర్ట్ వాతావరణమే. ఆ వేడంతా పైకి చేరుతుంది. నేను రెండు స్వెటర్లు వేసుకుని ఎక్కి, పది నిమిషాల్లో రెండూ తీసి తలకింద పెట్టుకున్నాను. పగలు కూర్చోవడానికి మాత్రం కింది బెర్త్ వాళ్ల దయ కావాలి. మా కింద త్యుమేన్ దాకా వచ్చిన పెద్దాయన మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన దిగాక వచ్చినామె పగలంతా పడుకునే ఉంది, మేం మా బల్ల మీద కాకుండా జూనియర్ సైడ్ బెర్త్ కింద ఉన్న మడత బల్ల మీద తిన్నాం. తిండి ఖర్చు పెద్దగా లేదు. ప్రతి పెట్టెలోనూ మరిగే నీళ్ల తొట్టి ఉంటుంది, తితాన్ అంటారు. దోషిరాక్ నూడుల్స్ డబ్బాలు ఆరు, రొట్టె, చీజ్, టీ పొట్లాలు. లోహపు చట్రంలో గాజు గ్లాసు ప్రవద్నిత్స దగ్గర అడిగితే ఇస్తుంది. బరాబిన్‌స్క్‌లో ప్లాట్‌ఫాం మీద ఎండుచేపలు అమ్మేవాళ్లుంటారు. కొన్నాం. పెట్టెలో తెరవొద్దని నలుగురు ఒకేసారి అరిచారు.

తేదీల గురించి. మేం వెళ్లింది ఫిబ్రవరి మొదటి వారం, మంగళవారం. ఇది చవక కాలం. కొత్త సంవత్సరం సెలవులు, ఫిబ్రవరి 23, మార్చి 8, మే మొదటి పది రోజులు, జూన్ నుంచి ఆగస్టు దాకా, వీటి చుట్టుపక్కల ధరలు లేస్తాయి, బెర్తులు దొరకవు. ఫిబ్రవరి 23 సెలవు వస్తోందని తెలియక ఆ వారంలో తిరుగు టికెట్ పెడదామనుకున్నాం, క్యాలెండర్‌లో ఒక్కో రోజూ నొక్కి చూసి వెనక్కి జరిగాం. మూడు రోజుల తేడాకి కుపేలో మనిషికి 2,000 రూబుళ్లు మారింది. బెర్తులు అయిపోయాయని కనిపించినా పూర్తిగా ఆశ వదలక్కర్లేదు. మామూలు టికెట్ బయలుదేరే టైముకి 8 గంటల కంటే ముందు రద్దు చేస్తే చిన్న రుసుము పోను మొత్తం వెనక్కి వస్తుంది. 8 నుంచి 2 గంటల మధ్య అయితే టికెట్‌లో బెర్త్‌కి కట్టిన భాగంలో సగమే. 2 గంటల్లోపు అయితే ఆ భాగం అసలు రాదు. అందుకే మనసు మార్చుకునేవాళ్లు ఆ 8 గంటల గీత దాటకముందే రద్దు చేస్తారు, ముందురోజు సాయంత్రం నుంచి బెర్తులు ఒక్కొక్కటిగా బయటపడుతుంటాయి. నేను రెండుసార్లు అలా పట్టాను. తిరిగి ఇవ్వడానికి వీల్లేని టికెట్లు కూడా ఉంటాయి, కొంచెం చవక. పరీక్షల తేదీలు డీన్ ఆఫీస్ చేతిలో ఉన్న మాలాంటివాళ్లు వాటి జోలికి పోయేముందు ఆలోచించుకోవాలి.

రాయితీల్లో పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఐదేళ్లలోపు పిల్లలకి వేరే బెర్త్ తీసుకోకపోతే డబ్బు కట్టక్కర్లేదు, పదేళ్ల దాకా పిల్లల ధర. బడి పిల్లలకి చదువుల రోజుల్లో ప్లాట్స్‌కార్ట్ సగం ధరకే వస్తుంది. మేం బడి పిల్లలం కాదు. కాలేజీ వయసు వాళ్లకి కుపేలో ఏవో ఆఫర్లు వస్తుంటాయి, పోతుంటాయి. కొనేముందు టారిఫ్ అన్నచోట నొక్కి చూడటమే.

స్టేషన్ కౌంటర్, ఇక్కడ కస్సా అంటారు, దాన్నీ చెప్పుకోవాలి. రష్యన్ రాని కొత్త విద్యార్థులు అక్కడికి వెళ్లడానికి జంకుతారు. నేను వెళ్లింది రూమ్మేట్ టికెట్ కోసం, ఆమెకి ఇంకా కార్డు రాలేదు కాబట్టి నగదుతో. ముందే కాగితం మీద రష్యన్‌లో రాసుకెళ్లాను: తేదీ, బండి నంబర్, ప్లాట్స్‌కార్ట్, పై బెర్త్, 18 లేదా 20. అద్దం వెనకున్నావిడ కాగితం చదివి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "నంబర్ కూడా తెలుసా" అంది. పాస్‌పోర్ట్ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం కొట్టి, స్క్రీన్ నా వైపు తిప్పి సరిచూసుకోమంది. డాలర్లలో కట్టించుకున్నవాళ్లు ఈ పని చేయలేదు. ఒక్కటే జాగ్రత్త: ప్రతి కిటికీకి విరామం టైములు అద్దం మీద రాసి ఉంటాయి. చదువుకుని క్యూలో నిలబడండి, లేకపోతే మీ వంతు వచ్చేసరికి కిటికీ మూసుకుంటుంది.

టైము గురించి మా సీనియర్లు ఇప్పటికీ ఒక పాత మాట చెప్తారు, టికెట్ మీదుండేది మాస్కో టైమని. 2018 ఆగస్టు 1 నుంచి అది లేదు, ఎక్కే ఊళ్లో అక్కడి టైము, దిగే ఊళ్లో అక్కడి టైము. పెర్మ్ మాస్కో కంటే రెండు గంటలు ముందు, ఇర్కుత్స్క్ ఐదు గంటలు ముందు. టికెట్ మీదున్న రెండు టైముల్లో ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి ప్రయాణం ఇన్ని గంటలని లెక్కేస్తే మూడు గంటలు తప్పొస్తుంది. మా జూనియర్ అలాగే లెక్కేసి, దిగే రోజుకి నూడుల్స్ ఒకటి ఎక్కువ తెచ్చాడు. ఆ తప్పు మాకు కలిసొచ్చింది.

ఇర్కుత్స్క్ నుంచి బైకాల్ ఒడ్డున ఉన్న స్ల్యుద్యాంకకి దూరపు బండి టికెట్ కొనకండి. ఎలెక్త్రీచ్కా, అంటే లోకల్ రైలు, వెళ్తుంది. కొన్ని గంటలు కూర్చుని వెళ్లాలి, టికెట్‌కి పాస్‌పోర్ట్ అక్కర్లేదు, ఖర్చు చాలా తక్కువ. ఆ ఊరి స్టేషన్ అక్కడి పాలరాతితోనే కట్టింది. దాని వెనక నుంచి కాస్త నడిస్తే సరస్సు. మంచు మీద నిలబడి కిందికి చూస్తే పగుళ్లు గాజులో తీగల్లా కనిపించాయి. ఇది టికెట్ల సంగతి కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

తిరుగు ప్రయాణంలో నేను చేసిన తప్పు కూడా రాస్తాను. నోవొసిబిర్స్క్‌లో ఒక రోజు ఆగుదామని ఇర్కుత్స్క్–నోవొసిబిర్స్క్, నోవొసిబిర్స్క్–పెర్మ్ రెండు టికెట్లుగా తీసుకున్నాం. రెండూ కలిపితే ఒకే టికెట్ కంటే చాలా ఎక్కువైంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి పడే ధర తగ్గుతుంది, ముక్కలు చేస్తే ఆ తగ్గుదల పోతుంది. ముక్కలు చేస్తే చవకని ఎవరో చెప్పిన మాట విని చేసిన పని ఇది. ఆగాలని ఉంటే ఆగండి, కానీ డబ్బు మిగులుతుందని మాత్రం ఆగకండి.

ఆ మొదటి ముక్కకి మాత్రం నవంబర్‌లోనే, అమ్మకాలు తెరిచిన రెండో రోజే, కుపేలో పై బెర్త్ కొని పెట్టుకున్నాను. భోజనం లేని రకం, ఆడవాళ్ల గది. 5,200 రూబుళ్లు. భోజనం కలిసిన పెట్టెల్లో ధర దానికి తగ్గట్టు పైకి ఉంటుంది, ఒక డబ్బాలో అన్నం, కూర, చిన్న చాక్లెట్ వస్తాయి. నాకు ఆ తేడాకి నోవొసిబిర్స్క్‌లో రెండు పూటలు గడిచాయి.

నా కింద బెర్త్‌లో ఉన్నావిడ క్రస్నయార్స్క్‌లో ఎక్కింది. నర్సు. మేం మెడిసిన్ అని తెలియగానే బల్ల మీద చోటిచ్చింది. కాసేపటికి టికెట్ ఎంతకి కొన్నావని అడిగింది, చెప్పాను. ఆవిడ నిన్న సాయంత్రం కొన్నదట, ఎక్కింది సగం దారిలో, కట్టింది నాకంటే 900 ఎక్కువ. ఫోన్ తీసి టికెట్ మళ్లీ ఒకసారి చూసుకుంది. నాలుక చప్పరించి, ఫోన్ పక్కన పెట్టి, సంచిలోంచి వార్తాపత్రికలో చుట్టిన పొగబెట్టిన చేప తీసింది. తలుపు బిగించి, చేపని సగానికి కోసి, తోక వైపు తను ఉంచుకుని పెద్ద ముక్క నా వైపు జరిపింది.